జారుడుబండకు బొట్టు

ఖాజాగూడ చెరువుకట్ట దిగి రెండు పొలాలు దాటితే జారుడుబండ. ఎన్ని తరాల పిల్లలు తాటిమట్టల మీద కూర్చుని జారారో గాని, బండ మధ్యలో మూరెడు వెడల్పున నున్నటి దారి పడింది. ఊరికి ఆటస్థలం అదే. పెద్దవాళ్లు పొద్దుగూకే వేళ కాళ్లు చాపుకుని కూర్చుని ముచ్చట్లాడుకునే చోటూ అదే.

కిష్టమ్మకు అరవై దాటినా ఆ బండంటే ప్రాణం. ఎందుకుండదు? చిన్నప్పుడు ఆమె, నేస్తం సీతాబాయి ఒకే మట్ట మీద ముందొకరు వెనకొకరు కూర్చుని, గొంతు పోయేలా అరుచుకుంటూ జారేవాళ్లు. లంగా చిరిగిందని ఇంట్లో తన్నులు తిని, మర్నాడు మళ్లీ అక్కడే తేలేవాళ్లు. సీతాబాయి పోయి ఏడేళ్లయింది. అయినా ఆ బండెక్కితే వీపు మీద ఆమె ఊపిరి తగిలినట్టే ఉండేది కిష్టమ్మకు.

తర్వాత ఆ పాడు రోజులొచ్చాయి. రజాకార్ల భయానికి పొద్దు వాలకముందే తలుపులు బిగించుకున్న ఊళ్లో ఇంక ఆటలెక్కడివి? నలభై ఎనిమిదిలో ఆ పీడ విరగడయ్యాక, దసరాకు ముందు ఒక సాయంత్రం మనవరాలు భూలక్ష్మి మట్ట పట్టుకుని బండెక్కి కేక పెట్టింది. ఆ కేక విని కిష్టమ్మ పొయ్యి ముందే కూర్చుని ఏడ్చింది.

సరిగ్గా ఏడాది తిరిగిందో లేదో, పటేల్ లింగమూర్తి ఆ బండను పట్నంలో కట్టే ఏదో బంగ్లాకు రాయి కింద ఇచ్చేశాడు.

"గుట్టలకు కరువా మనకు? పిల్లలు వేరే బండ మీద జారుతరు తియ్యి కిష్టమ్మా" అన్నాడు.

"వేరే బండ గిట్ల నున్నగ గావాలంటే నా మునిమనవలకు మునిమనవలు పుట్టాలె పటేలా! గప్పటిదాంక మోకాళ్లు గీరుకపోవుడేనా?"

వింటేగా ఆయన! ఆ సాయంత్రమే రాళ్లు కొట్టేవాళ్లు సుత్తెలు, ఉలులు మోసుకుని దిగారు. వాళ్ల పెద్ద పోచయ్య. మర్నాడు పొద్దున్నే పని మొదలన్నారు.

కిష్టమ్మ తొలికోడి కూయగానే లేచి, పసుపు, కుంకుమ కొంగున దాచుకుని బండ దగ్గరికి నడిచింది. బండ ముందువైపు దండిగా పసుపు పూసి, బొట్టు పెట్టి, దీపం ముట్టించింది. బొట్టున్న బండ మీద రాళ్లు కొట్టేవాళ్లు ఉలి పెట్టరు. "తప్పయితే నన్ను కొట్టు తల్లీ, పిల్లల జోలికి పోకు" అని చెంపలేసుకుంది.

తెల్లారాక పటేల్ వెంట పోచయ్య వచ్చాడు. వంగి పసుపును వేలితో తడిమాడు. కిష్టమ్మ మొహంలోకి ఒకసారి చూశాడు.

"పటేలా, అమ్మ బండ మీద మేం చెయ్యెయ్యం. పక్క గుట్ట చూపియ్యిండ్రి."

పటేల్ పక్క గుట్ట వైపు దారి తీశాడు. ఆ పూట కిష్టమ్మ రెండు జొన్నరొట్టెలు ఎక్కువే తిన్నది.

అయితే ఊరు ఊరుకుంటుందా? బండ మీద అమ్మ వెలిసిందని మధ్యాహ్నానికి ఆడవాళ్లు నీళ్లబిందెలతో వచ్చారు. సాయంత్రానికి కొబ్బరికాయలు పగిలాయి. మట్ట పట్టుకుని పరుగెత్తుకొచ్చిన భూలక్ష్మిని పొరుగింటి చంద్రమ్మ రెక్క పట్టి ఆపేసింది.

"అమ్మ మీద కాళ్లు పెడ్తవా? కండ్లు పోతయ్ పోరీ!"

అయ్యో, ఎంత పని చేసుకుంది! నెల తిరిగేసరికి నున్నటి దారి మీద దుమ్ము పేరుకుంది. భూలక్ష్మి మట్ట ఇంటి చూరులో ఎండిపోయింది. నిజం చెప్పేద్దామా అంటే, పక్క గుట్ట మీద పోచయ్య సుత్తె మోగుతూనే ఉంది. చెప్పిన మర్నాడే పటేల్ ఆ సుత్తెను ఇటు తోలుకొస్తాడు. చెప్పకపోతే బండ ఉండీ లేనట్టే. కిష్టమ్మకు అన్నం సయించకుండా పోయింది.

ఒక సాయంత్రం, ఊళ్లో సగం మంది దీపాలు పెట్టడానికి వచ్చి ఉండగా, ఆమె చూరులోంచి మట్ట లాగి, కొంగు నడుముకు చుట్టి బండెక్కింది.

"ఓయమ్మో, కిష్టమ్మకు మతి పోయిందే!" అంది చంద్రమ్మ.

"అమ్మ ఒళ్లె పిల్లలు ఆడకుంటే ఇంకెవలాడాలె? నన్నేమన్న చేస్తదేమో మీరే చూడుండ్రి!"

మాటైతే అన్నది గాని లోపల భయం పోలేదు. తాను పెట్టిన బొట్టే కావచ్చు, నెలరోజులుగా ఊరంతా మొక్కిన బొట్టది. కళ్లు మూసుకుంది. "సీతా, గట్టిగ పట్టుకోవే" అని జారింది.

బండ కింది ఇసుకలో వెల్లకిలా పడింది. జనం చుట్టూ మూగారు. కిష్టమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది, నవ్వుతూనే ఏడుస్తోంది. భూలక్ష్మి ఆ మట్ట లాక్కుని బండ మీదికి పరుగెత్తింది. ఈసారి రెక్క పట్టినవాళ్లెవరూ లేరు.

పని ముగించుకుని అటే వస్తున్న పోచయ్య కిష్టమ్మకు చెయ్యందించి లేపాడు. గొంతు తగ్గించాడు.

"అవ్వా, ఆ పొద్దు నేను ముట్టినప్పుడు పసుపు ఇంక తడి ఆరలే. ఎప్పటిదో బొట్టయితే కింద నూనె జిడ్డుంటది."

కిష్టమ్మ ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది. "మరి పటేల్‌కు ఎందుకు చెప్పలే కొడకా?"

పోచయ్య బండ మీది నున్నటి దారిని అరచేత్తో తడిమాడు.

"మా ఊర్ల గూడ గిసొంటిదే ఉండె. నేను, మా నాయిన కలిసి కొట్టినం. నా పిల్లలకు జారుడంటే ఏందో ఎరుకలే."

సుత్తె సంచి కింద పెట్టాడు. "జర ఆ మట్ట నాకోపారి ఇప్పిస్తవా అవ్వా?"

కిష్టమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వరుసల నిలబడు బిడ్డా. మా భూలక్ష్మి తర్వాత నువ్వే."