నాయిన నంబరుకు పోయిన కోడ్

నర్సరీలో పనిచేసేవాళ్లకు ఫోన్ ముట్టుకోవడం అంత సులువు కాదు. సారపాక పక్కన జామాయిల్ మొక్కలు పెంచే ఆ తోటలో వనజ పొద్దున ఏడింటికి కూర్చుందంటే సంచుల్లో మట్టి నింపడం, మొక్క గుచ్చడం, మళ్లీ మట్టి నింపడం. మోచేతుల దాకా బురదే. అందుకే పదకొండున్నరకు నడుము దగ్గర ఫోన్ వణికితే తియ్యబుద్ధి కాలేదు. రీచార్జి చేయించుకోమని కంపెనీవాళ్ల గోల అయ్యుంటుందిలే అనుకుంది. ఎందుకో మనసాగక రెండు వేళ్లతో పైకి లాగి చూసింది.

తెర మీద మెసేజీల యాప్ గుర్తు, పక్కన చెల్లెలి పేరు ఉంది. దాని కింద నాలుగు ముక్కలు.

"అక్కా నేను దుర్గను. ఇది నా ఫోన్ కాదు. నీ నంబర్ యాదికి లేదు అందుకే నా అకౌంట్ తెరిచి ఇండ్ల పెడుతున్న. పొద్దుగూకంగ మమ్మల్ని వేరే తానకు పంపుతరట. ఏడున్నమో కింద..."

అక్కడికి తెగిపోయింది. మిగతాది చూడాలంటే తెరవాలి. వనజ వేలిని చీర కుచ్చిళ్లకు రెండుసార్లు తుడిచి నొక్కింది. చెల్లెలి మాటలు పోయి తెల్లటి పేజీ వచ్చింది. మీ సెషన్ గడువు ముగిసింది, మళ్లీ లాగిన్ చేయండి అని చాలా మర్యాదగా చెప్పింది ఆ యాప్. మర్యాదకేం తక్కువ లేదు, మనిషి ప్రాణం పోయేటప్పుడు కూడా దయచేసి అంటుంది.

దుర్గ ఇల్లు వదిలి రెండు నెలలైంది. సముద్రం పక్కన రొయ్యల షెడ్డులో పని, తిండీ పడకా వాళ్లవే అని ఒక మేస్త్రీ టేకులపల్లి వైపు గూడేల నుంచి ఏడుగురు ఆడపిల్లలను తీసుకుపోయాడు. పదిహేను రోజులు రోజూ మాట్లాడింది. పదహారో రోజు నుంచి ఆమె ఫోన్ మూగబోయింది, మేస్త్రీ ఫోనూ మూగబోయింది. వనజ పోలీసు స్టేషన్‌కు పోయి కాగితం రాసిచ్చింది. అక్కడి వాళ్లు కసురుకోలేదు, కుర్చీ వేసి మరీ అడిగారు. ఏ ఊరమ్మా, ఏ షెడ్డమ్మా, కనీసం ఏ జిల్లా అన్నారు. సముద్రం పక్కన అని తప్ప వనజ దగ్గర జవాబు లేదు. సముద్రం ఒక ఊళ్లో ఉండేది కాదు కదా. ఏదన్నా ఆచూకీ తెలిస్తే వెంటనే ఫోన్ చెయ్యమని నంబరిచ్చి పంపించారు.

ఆ ఆచూకీ ఇప్పుడు అరచేతిలోనే ఉంది. ఆ తెల్ల పేజీ వెనక ఉంది.

పాస్‌వర్డ్ ఏమిటో వనజకు గుర్తుంటే కదా. నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా కొట్టాల్సిన పని పడలేదు. తన పేరుకు ఒకటి రెండు మూడు కలిపి కొట్టింది, తప్పంది. తన పేరూ చెల్లి పేరూ కలిపింది, తప్పంది. గూడెం పేరు కొట్టింది. ఈసారి యాప్ గొంతు మారింది, ఇంకా తప్పులు కొడితే అకౌంట్ కొంతకాలం ఆపేస్తామంది. మర్చిపోయారా అన్నచోట నొక్కింది. చివరన నలభై ఏడు ఉన్న నంబరుకు ఆరంకెల కోడ్ పంపుతున్నామని వచ్చింది.

నలభై ఏడు. ఆ నంబరు ఎవరిదో ఆమెకు చూడగానే తెలిసిపోయింది.

అది నాయిన జంపయ్యది. ఇంటర్ చదివేటప్పుడు భద్రాచలం హాస్టల్ నుంచి సెలవులకు వచ్చి ఈ అకౌంట్ తెరుచుకుంది. అప్పుడు ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. రెండేళ్ల కింద వానాకాలంలో జంపయ్య పోయాడు. పోయినవాళ్ల వస్తువులు పోయినవాళ్లతోనే పోవాలి, ఇంట్లో ఉంచుకోకూడదు, అది ఆ గూడెం పద్ధతి. గొడ్డలి, సొరబుర్ర, దుప్పటి అన్నీ ఆయన పక్కనే మట్టిలో పెట్టారు. ఫోన్ కూడా ఆయనదే కదా అని చొక్కా జేబులో పెట్టి గుండీ వేశారు. పెట్టింది వేరెవరో కాదు, వనజే.

ఏడుస్తూ కూర్చున్న ఆమె దగ్గరికి సూపర్‌వైజర్ ప్రసూన వచ్చింది. ఎప్పుడూ సంచుల లెక్క అడిగే మనిషి ఆ పూట లెక్క అడగలేదు. సంగతంతా విని, ఆ నంబరుకు ఒకసారి ఫోన్ కొట్టి చూడమంది.

"గది నాయినతోని మట్టిలకు పోయింది అక్కా."

"సిమ్ము మట్టిల కలుస్తది గని నంబరు కలవదు. రీచార్జి లేకపోతే కొన్నాళ్లకు ఇంకొకలకు ఇస్తరు. కొట్టు."

ఫోన్లో 'నాయిన' అని దాచుకున్న పేరు ఇంకా అలాగే ఉంది. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు ఆమెకు. రెండేళ్ల తర్వాత ఆ పేరు మీద నొక్కితే అవతల రింగయింది.

ఎత్తింది ఒక పెద్దావిడ. పేరు హైమ. దమ్మపేట దగ్గర పామాయిల్ తోట ఉన్న ఇల్లు. వనజ ఏడుపూ మాటా కలిపి చెప్పుకుపోయింది. నా అకౌంటు, నా చెల్లి, మీకొక కోడ్ వచ్చి ఉంటది, చదివి చెప్పండి అంది. కోడ్ అన్న మాట వినడంతోనే అవతలి గొంతు గడ్డకట్టింది. కిందటేడు ఇలాగే తియ్యగా మాట్లాడినవాడొకడు హైమ భర్త వెంకటనారాయణ చేత కోడ్ చెప్పించుకుని నిలువునా ముంచాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కోడ్ అంటే పడగెత్తిన పామే. చెల్లి కథ బాగానే అల్లావు, పోయినసారివాడు ఆస్పత్రి కథ చెప్పాడు అని హైమ ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే పోలేదు. వనజ నంబరును బ్లాక్ చేసి ఆపేసింది.

ప్రసూన ఫోన్ నుంచి చేశారు. ఈసారి వెంకటనారాయణ ఎత్తాడు. పూర్తిగా వినకుండానే సైబర్ పోలీసులకు పట్టిస్తానని కేకలేసి, ఆ నంబరునూ ఆపేశాడు. ఆయనను తిట్టి లాభం లేదు, కాలినవాడి భయం అది. కానీ ఈలోపు కోడ్ గడువు దాటింది. యాప్‌లో కొత్త మాట కనిపించింది. ఇంకొక్కసారే కోడ్ పంపగలం, ఆ తర్వాత ఇరవై నాలుగు గంటలు ఆగాలి.

ఫోన్ తెర ఒంటిగంట చూపిస్తోంది. ఇరవై నాలుగు గంటలంటే దుర్గ ఎక్కడ తేలుతుందో దేవుడికే తెలియాలి. ఆ మెసేజ్ పెట్టిన ఫోన్ ఎవరిదో, వాళ్లు చూసి పిల్లను ఏం చేస్తారో. నొక్కితే ఒక్కటే అవకాశం. నొక్కకపోతే అదీ లేదు. కోడ్ పంపమనే నీలం గుర్తు మీద వేలు పెట్టి తీసింది, పెట్టి తీసింది.

అప్పుడు గుర్తుకొచ్చింది. మొన్న ఎండాకాలంలో ఏటవతల గుట్టల నుంచి బద్యా అనే ముసలాయన గూడేనికి వచ్చాడు. జంపయ్య చావు కబురు ఆయనకు అప్పటిదాకా చేరనే లేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరో ఆడమనిషి ఎత్తి తిడుతుంది, వీడికి ఎప్పుడింత పొగరొచ్చింది అని నాయినను నిలదీద్దామనే వచ్చాడట. విషయం తెలిసి అరుగు మీద కూలబడి ఏడ్చాడు. వనజకు ఆ రోజు ఆయన ఏడుపే మనసులో పడింది, ఆ ఆడమనిషి సంగతి పట్టలేదు.

ఆమె లేచి ఆఫీసు గదిలోకి నడిచింది. అక్కడ నర్సరీ ఫోన్ ఉంది. ప్రసూన అడ్డు చెప్పలేదు, తలుపు దగ్గరికి వేసింది.

హైమే ఎత్తింది. వనజ ఈసారి ఏడవలేదు, కోడ్ మాట ఎత్తలేదు.

"అమ్మా, నేనేమీ అడగను. ఒక్క మాట చెప్పు. నీ ఫోన్‌కు జంపయ్య ఉన్నడా అని ఎవరన్నా చేస్తరా?"

పెట్టేసిందేమో అనుకుంది వనజ. పెట్టలేదు.

"చేస్తారు," అంది హైమ. "ఈ నంబరు తీసుకున్న నాటి నుంచి చేస్తూనే ఉన్నారు. రాంగ్ నంబరని చెప్పినా వినరు. ఎవరో చచ్చిపోయారంటారు, రమ్మంటారు. నువ్వెవరు?"

"నేను జంపయ్య బిడ్డను. చావులకు డోలు కొట్టేటోడు మా నాయిన. గది ఆయన నంబరే."

వెనక వెంకటనారాయణ గొంతు వినిపించింది, పెట్టెయ్యవే అంటున్నాడు. హైమ ఆయనతో ఏదో అంది. మళ్లీ ఫోన్లోకి వచ్చినప్పుడు ఆమె గొంతు మెత్తబడలేదు, ఇంకా గట్టిపడింది. పేరు ఎవడైనా కనుక్కోవచ్చు, ఊరు ఎవడైనా కనుక్కోవచ్చు అంది.

"ఫోన్ చేసినవాళ్లందరూ హలో కూడా అనరు. ముందు ఒకే ఒక్క మాట అడుగుతారు. ముసలివాళ్లయినా కుర్రాళ్లయినా అదే మాట. తాగుబోతుల వేళాకోళమని మా ఆయన, చేతబడి అని మా తోటికోడలు. ఆ మాటేంటో చెప్పు. నువ్వు ఆయన కూతురివైతే నీకు తెలిసుండాలి."

వనజ కళ్లు మూసుకుంది. పొయ్యి పక్కన గోడకు ఆనించిన డోలు, దాని మీద చెవి పెట్టి వేలితో కొట్టి చూసుకునే నాయిన కనిపించారు. చెమ్మ పట్టిన డోలు మొద్దుగా మోగుతుంది. మనిషిని మొద్దు మోతతో సాగనంపితే దారి తెలియదని ఆయన పట్టుదల. ఎంత పెద్దోళ్ల చావైనా సరే, తోలు ఆరందే గడప దాటేవాడు కాదు. అందుకే పిలిచేవాళ్లంతా బాగున్నావా అని అడగడం మానేసి, ముందు అదే అడిగేవాళ్లు.

"తోలు ఆరిందా అని," అంది వనజ. "తోలు ఆరిందా జంపయ్యా అని అడుగుతరు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"పంపించమ్మా నీ కోడ్," అంది.

వనజ నొక్కింది. దమ్మపేటలో ఫోన్ టింగుమన్న శబ్దం సారపాకలో వినిపించింది. ఎవరికీ చెప్పొద్దని రాసి ఉందమ్మా ఇందులో అంటూనే హైమ రెండేసి అంకెల చొప్పున చదివింది. వనజ ఒక్కొక్కటీ కొట్టింది. ఐదో అంకె దగ్గర బురద వేలు జారి పక్క అంకె పడింది. చెరిపి మళ్లీ కొట్టింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టమంది యాప్. ఏం పెట్టిందో పక్కనున్న ప్రసూనకు కూడా చెప్పలేదు.

చెల్లెలి మెసేజ్ తెరుచుకుంది. తెగిన చోట నుంచి మిగతాది కనిపించింది. మ్యాప్ మీద ఎర్రటి గుర్తు, దాని కింద తుప్పు పట్టిన గేటు ఫొటో. ఆ కింద 'జల్దీ రా అక్కా' అని ఉంది. వనజ దానికి జవాబు పెట్టలేదు, పెడితే ఆ ఫోన్ ఎవరి చేతిలో మోగుతుందో ఏమో. స్టేషన్ వాళ్లిచ్చిన నంబరుకు చేసి గుర్తూ ఫొటో పంపింది. ఈసారి ఏ ఊరమ్మా అని ఎవరూ అడగలేదు. అక్కడి పోలీసులకు కబురు పెడుతున్నాం, ఫోన్ దగ్గర పెట్టుకో అన్నారు.

ఆ తర్వాత చెయ్యడానికి పనంటూ ఏమీ లేదు, అదే అన్నిటికంటే కష్టం. రెండు, మూడు, నాలుగు. వనజ మొక్కల దగ్గర కూర్చుంది గానీ ఒక సంచిలో రెండు మొక్కలు గుచ్చింది, ఇంకో సంచిలో ఒట్టి మట్టే నింపింది. ఐదింటికి అందరూ ఇళ్లకు పోయారు. ప్రసూన పోలేదు. గూడెంలో తల్లి కొండమ్మకు ఈ సంగతేదీ చెప్పలేదు, ఏమని చెప్పాలో తెలియక. ఆరున్నరకు జామాయిల్ చెట్ల వెనక ఎండ పూర్తిగా దిగిపోయింది. పొద్దుగూకింది. వనజ ఫోన్ వైపు చూడడం కూడా మానేసింది.

ఫోన్ మోగింది. తెర మీద 'నాయిన' అని ఉంది.

ఆ పేరు ఆమె ఫోన్లో మోగి రెండేళ్లు దాటింది. సంగతి తెలిసి కూడా ఒక్క క్షణం ఆమె మనసు ఆయనే అనుకుంది. వెంటనే ఎత్తింది.

"నేనమ్మా, హైమను," అంది అవతలి గొంతు. "మీ చెల్లిని బయటికి తీసుకొచ్చారంట. ఏడుగురూ ఉన్నారంట. స్టేషన్లో ఇంటి నంబరు చెప్పమంటే ఆ పిల్లకు నోటికొచ్చింది ఇదొక్కటేనంట. ఇప్పుడే నాకు చేసింది."

ఏమన్నది అని అడిగింది వనజ.

"నాయిన ఫోనేనా అంది," అని చెప్పింది హైమ. "అవునమ్మా అన్నాను. ఉండు, లైన్లోనే ఉంది, కలుపుతున్నా."