మడత గోనె మీద చాందీ

చాందీ నలభై రెండో బస్తా మూతి మడిచి దబ్బనం గుచ్చింది. ఆమె కుట్టిన మక్కజొన్న బస్తాను లారీ మీది నుంచి కిందపడేసినా ఒక్క గింజ రాలదని కేసముద్రం మార్కెట్‌లో హమాలీలే చెబుతారు. మోసే సత్తువ లేదు గనుక పదేళ్లుగా ఇదే ఆమె పని. రేకుల షెడ్డులో మూడో స్తంభానికి వీపు ఆనించి, మడత గోనె మీద కూర్చుని, సుతిలి దారంతో చకచకా కుట్టుకుపోవడం. ఇంతకన్నా సుఖమైన చోటు తమ లంబాడీ తండాలో కూడా లేదని ఆమె నమ్మకం.

పుట్టుకతోనే ఆమె గుండెలో లోపం. ఏడేళ్లప్పుడు హైదరాబాద్‌లో రొమ్ము కోసి బాగుచేశారు. ఆ గాటూ పోలేదు, ఆ నొప్పీ మరపున పడలేదు. ఈ మధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం. అప్పుడు సరిచేసిన కవాటం కారుతోందన్నాడు డాక్టరు. ఈసారి రొమ్ము కోయరట. తొడ దగ్గరి నరంలోంచి సన్నటి గొట్టం పంపి, దాని కొసన ముడిచిపెట్టిన కొత్త కవాటాన్ని గుండెలో విప్పుతారట. ఎల్లుండి హైదరాబాద్ రమ్మన్నారు. రేపటి నుంచేమో తెలంగాణ కోసం రైల్ రోకో. బస్సులు ఇప్పటికే బందు. పోతే ఈ సాయంత్రం బండికే పోవాలి. తప్పితే మళ్లీ పిలుపు ఎన్ని నెలలకో!

"నేను పోను," అంది చాందీ, పొద్దటి నుంచి ఐదోసారి. "రేపు నేనుగూడ పట్టాల మీద కూసుంట. అందరు గాడుంటె నేను దవాఖానల పండాల్నా?"

హమాలీల పెద్ద రాజమల్లు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "తెలంగాణ ముచ్చట గాదు చెల్లె, నీకు కత్తంటె భయం. ఆ సంగతి జెప్పు."

చాందీకి ఒళ్లు మండింది, నిజం కదా మరి! "రొమ్ము కోయకుంట లోపటికి ఎట్ల పోతరన్నా? నన్ను పిచ్చిదాన్ని జేస్తుండ్రు."

అంతలో ఖరీదుదారు మనిషి వచ్చి, ఆమె కుట్టేసిన బస్తాలో మొనదేలిన ఇనుప గొట్టం కసుక్కున దించాడు. లాగితే దోసెడు మక్కలు వచ్చాయి. ఒకటి కొరికి చూసి వెళ్లిపోయాడు. రోజూ అయితే చాందీ వాణ్ని నాలుగు తిట్టేది. ఇవాళ ఆ పోటు దగ్గరికి వంగింది. మూతి కుట్లు కుట్లలాగే ఉన్నాయి. గోనె పోగులు పక్కకు జరిగాయే కాని తెగలేదు. బొటనవేలితో రుద్దితే చిల్లు పూడిపోయింది. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంచింది.

"అన్నా, గిట్లనేనా?"

రాజమల్లు బస్తాను చూశాడు, ఆమెను చూశాడు. "గిట్లనే గావచ్చు. ఆవు నరంతోని చేసిన కవాటమట, నీ పెనిమిటి సోమ్లా జెప్పిండు. ఇగ నువ్వు మొత్తుకుంటె అంబా అనే వినొస్తది."

చాందీ ఆయాసపడేదాకా నవ్వింది. "మా తాతలు ఆవుల తోలుకొని దేశాలు తిరిగిండ్రు. ఒక్కటి నా ఎంబడుంటె మంచిదే గద." తర్వాత గొంతు తగ్గించింది. "భయమైతుందన్నా."

"ఎందుకు గాదు? అయినా పో. పట్టాల మీద నీ జాగ నేను సూస్త."

సాయంత్రం గేటు దగ్గర సోమ్లా గుడ్డసంచి పట్టుకుని కేకేశాడు. చాందీ చేతిలోని బస్తా సగమే కుట్టి లేచింది. మధ్యమధ్య ఆగుతూ స్టేషన్ దాకా నడిచింది, కిటికీ పక్కన కూర్చుంది. బండి కదిలింది. సాగనంపడానికి వెళ్లిన రాజమల్లు మార్కెట్‌కు తిరిగొచ్చి మిగతా సగం వంకర టింకరగా తానే కుట్టాడు.

మర్నాడు పట్టాల మీద జనం కిక్కిరిసినా అతని పక్కన ఒక మనిషి జాగా ఖాళీగా ఉంది. ఎవరైనా కూర్చోబోతే, "జర అవుతల కూసో, అది చాందీది," అన్నాడు. ఆ జాగాలో ఆమె మడత గోనె పరిచి ఉంది. దాని అంచున గుచ్చిన దబ్బనం, బెజ్జంలో మూరెడు సుతిలి.