ఏడికీ పోని పరీక్ష

శనివారం సాయంత్రం ఎలీశమ్మ చింతపండు నానేస్తూ, పొయ్యి మీది పాలను ఓ కంట కనిపెడుతూ "బోదా, బోదా" అని గొణుక్కుంటోంది. రేపు నెల మొదటి ఆదివారం. చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారూ, సంఘపెద్దలూ ఎల్‌బీ నగర్‌లో వీళ్లింటికే భోజనానికి వస్తారు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస. రేపు పొద్దున్నే మూసారాంబాగ్‌లో ఆమెకు కొరియా భాష పరీక్ష. ఆ సంగతి భర్త సాలోమోనుకు ఇంకా చెప్పలేదు. తుడిచిన గట్టునే మళ్లీ తుడుస్తోంది.

డెబ్బై దాటాక కొరియా భాషేమిటని కొడుకూ కోడలూ నవ్వారు. ఫోన్‌లో సీరియళ్లు చూసి చూసి పిచ్చి పట్టిందన్నారు. చూసిన మాట నిజమే గానీ అసలు సంగతి వేరు. ఆ భాషలో ఆమెను ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో పాఠం చెప్పే సూర్యప్రభ రాజమండ్రి పిల్ల. మొన్న పాఠంలో బోదా అనే మాట దగ్గర ఆగింది. "మామ్మగారూ, బోదా అంటే చూడటమండీ. అక్కడితో అయిపోదు. ఇంటికి కాపలా ఉన్నా బోదానే, పిల్లల్ని కనిపెట్టుకున్నా బోదానే, బజారుకెళ్లి సరుకులు తెచ్చినా అదేనండి. ఆఖరికి పరీక్ష కూడా వాళ్లు మనలా రాయరు, చూస్తారు."

ఎలీశమ్మకు ఒళ్లు మండింది. ఇల్లు చూసింది. పిల్లల్ని, పిల్లల పిల్లల్ని చూసింది. మంచాన పడ్డ అత్తను చూసింది. సంచులు మోసి భుజం అరిగింది. ఒక్క మాటలో ఉన్న చాకిరీ అంతా తన నెత్తినే పడింది, ఆ ఆఖరిదొక్కటి తప్ప.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో, మెట్రిక్ చదివే రోజుల్లో, జై తెలంగాణ అంటూ తనూ గొంతు పోయేలా అరిచింది. బడులకు తాళాలు పడ్డాయి. "ఊకె కూసునే బదులు పిల్లకు పెండ్లి చేస్తె అయిపాయె" అన్నాడు నాయిన. మళ్లీ మెట్రిక్ పరీక్షలు పెట్టిననాడు అత్తగారింట్లో అయ్యగారికి విందు. మసాలా నూరుతూ భయం భయంగా అడిగితే సాలోమోను అన్నాడు, "పరీక్ష ఏడికి పోతది? వచ్చే యేడు చూద్దాం తియ్యి." రాష్ట్రం వచ్చింది, ఎల్‌బీ నగర్‌కు మెట్రో వచ్చింది, ఆ వచ్చే యేడు మాత్రం రాలేదు.

సాలోమోను వంటింటి గడపలోకి వచ్చాడు. "రేపు చేపల పులుసు జర చిక్కగ పెట్టు. అయ్యగారికి నీ చేతిదే కావాల్నంట."

"రేపు నాకు పరీక్షుంది."

"ఏం పరీక్ష? దవాఖానలనా? షుగర్ పెరిగిందా?"

"కొరియా భాషది."

అతను నవ్వాడు. కోపం కూడా రాలేదు, అంత చిన్న విషయం అతనికి. "గీ వయసుల ఏంది పరేషాన్? ఇంటికొచ్చినోళ్లు ఆకలితోని పోవాల్నా? పరీక్ష ఏడికి పోతది? మళ్ల చూద్దాం తియ్యి."

అదే మాట, అదే తీరు. వెనకటికోసారి అన్నానని కూడా అతనికి గుర్తులేదు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి చింతపండు గిన్నె మీదికే పోయింది. దాన్ని తీసుకెళ్లి అతని చేతుల్లో పెట్టింది.

"చేపలు ఫ్రిజ్‌ల ఉన్నయ్" అంది. "పరీక్ష ఏడికీ పోదు. నేనే పోత."