పన్నెండో పిల్లి

మా ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు జనాభా లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ లెక్కలు వదల్లేదు. మెట్లెక్కుతూ మెట్లు లెక్కపెడతారు. పెళ్ళికి వెళ్తే కుర్చీలు లెక్కపెడతారు. నేను అలిగి మాట్లాడటం మానేస్తే, ఎన్ని గంటలు మానేశానో లెక్కపెట్టి చెప్తారు. మొత్తం సర్వీసులో ఒక్క మనిషిని ఎక్కువ రాయలేదు, ఒక్క మనిషిని తక్కువ రాయలేదని ఆయనకి మహా గొప్ప. పెళ్ళయిన కొత్తలో ఆ మాట నాకూ ముచ్చటగానే ఉండేది. ఇప్పుడు మాత్రం ఆయన "ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో" అనగానే నేను వెళ్ళి కుక్కరు పెట్టేస్తాను. విజిల్ మోతకి ఆగిపోతారు.

అలాంటి మనిషి పిల్లుల్ని లెక్కపెట్టాల్సి వచ్చింది. అదీ నా మూలంగానే.

మా అపార్ట్‌మెంటుకీ పక్కనున్న ప్రింటింగ్ ప్రెస్సుకీ మధ్య ఒక పొడుగాటి గోడ ఉంది. దానికి అటూ ఇటూ, జనరేటరు గది వెనకా, ప్రెస్సువాళ్ళ చిత్తుకాగితాల షెడ్డులోనూ, ఎవరివీ కాని పిల్లులు కాపురముంటాయి. ఆరేళ్ళుగా రోజూ సాయంత్రం పార్కింగు మూల వాటికి ఉడికించిన చేప తలలు పెట్టేది నేనే. వాటిలో బూడిదరంగు ముసలి పిల్లి ఒకటుంది. దానికి ఒకటే కన్ను. ఆ ఒక్క కంటితోనే అందరినీ అదమాయిస్తుంది కాబట్టి దానికి దొరగారని పేరు పెట్టాను. దొరగారు నా పాదం మీద కూర్చుంటే తప్ప ముద్ద ముట్టరు.

గొడవెక్కడ వచ్చిందంటే, ఒక తల్లిపిల్లి మా అసోసియేషన్ సెక్రటరీ గారి బూట్ల అలమరలో దూరి, ఆయన ఆఫీసు బూట్ల మీద అయిదు పిల్లల్ని పెట్టింది. ఆయన పది రోజులు చెప్పులతో ఆఫీసుకి వెళ్ళారు. పదకొండో రోజు మీటింగు పెట్టి, గోనెసంచుల మనిషి ఒకడున్నాడనీ, పిల్లులన్నిటినీ మూటగట్టి ఊరవతల వదిలేస్తాడనీ చెప్పారు. ఒంటికన్ను దొరగారు ఊరవతల ఒక్క వారం కూడా బతకరు.

నేను ఊరుకునే రకం కాదు. పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తి, ఆవిడ చెప్పిందంతా బట్టీపట్టి వచ్చి మీటింగులో అప్పజెప్పాను. వీటిని పంపేస్తే ఖాళీ అయిన చోటుకి నెల తిరక్కుండా వేరే పిల్లులొస్తాయి. అదే వీటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్ళీ ఇక్కడే వదిలితే, తమ చోటు తామే కాసుకుంటాయి, సంతానం మాత్రం పెరగదు. సెక్రటరీ గారు మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. కాసేపు ఆలోచించి, సరే, నెల రోజులు గడువిస్తాను, కానీ అన్నిటికీ చేయించాలి, ఒక్కటి మిగిలినా మళ్ళీ నా బూట్లకే వస్తుంది, ముందు మొత్తం ఎన్నున్నాయో తేల్చండి అన్నారు.

మా ఆయన కుర్చీలోంచి లేచి చొక్కా సర్దుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆయనకి పిల్లులంటే చచ్చేంత భయం. జనాభా లెక్కల రోజుల్లో వీధి వీధికీ కుక్కలు తరిమినా చలించలేదు. కుక్క చెప్పి మరీ కరుస్తుందట, పిల్లి చెప్పదట. అందుకని దూరంనుంచే లెక్కపెట్టారు. ఒక రోజు మా బాల్కనీలోంచి, మర్నాడు గోడకి అవతల ప్రెస్సు బైండరు కిటికీలోంచి, బైనాక్యులర్సు పెట్టుకుని, పొద్దున్న ఆరింటినుంచి. మనుషుల లెక్కయితే లెక్కపెట్టిన ఇంటి తలుపు మీద సుద్దతో నంబరు వేసేవారట. పిల్లులకి తలుపులు లేకపోవడం పెద్ద లోపమని రెండు రోజులు బాధపడి, చివరికి రంగూ ఒళ్ళూ చూసి, కనపడిన వేళ వేసి జాబితా రాశారు. ఒకటోది ఎర్రది, లావు. రెండోది దొరగారు. బూట్ల అలమరలోని తల్లినీ కూనల్నీ పెంచుకునేవాళ్ళకి ఇప్పిస్తానని డాక్టరమ్మే తీసుకెళ్ళింది కాబట్టి అవి లెక్కలోకి రాలేదు. అలా పన్నెండు తేల్చి, కింద సంతకం పెట్టి, సెక్రటరీ గారికి అందజేశారు.

ఇక మా ఇల్లు ఆస్పత్రి వార్డయింది. డాక్టరమ్మ దగ్గర పనిచేసే అమ్మాయి స్కూటరు మీద బోనులు వేసుకుని వచ్చేది. ముందురోజు వాటికి తిండి పెట్టకూడదు. ఆకలితో బోనులోకి వస్తాయి. తలుపు పడగానే పైన దుప్పటి కప్పేయాలి, చీకట్లో పిల్లి కుదురుగా ఉంటుంది. ఆపరేషన్‌లో మత్తులో ఉండగానే ఎడమ చెవి కొస కాస్త కత్తిరిస్తారు. దీనికి ఆపరేషన్ అయిందని ఇక దూరంనుంచే తెలిసిపోతుంది. తిరిగొచ్చాక ఒక రాత్రి మా రెండో బాత్‌రూములో విశ్రాంతి. పొద్దున్నే బోను తలుపు తీస్తే బాణంలా దూసుకుపోవడమే.

అన్నాళ్ళూ మా ఆయన పడగ్గదిలో గడియ పెట్టుకుని, తలుపు సందులోంచి అడిగేవారు, ఇవాళ్టిది ఏ రంగు అని. దుప్పటి రంగు అని చెప్పేదాన్ని. ఆయనకి ఒళ్ళు మండేది. మర్నాడు బాల్కనీలోంచి చెవి చూసుకున్నాకే టిక్కు పెట్టేవారు. బోనుల అమ్మాయిని అడిగితే, రోజుకి నాలుగు వీధులు తిరుగుతాను ఆంటీ, చెవులు గుర్తుంటాయి గానీ రంగులు గుర్తుండవు అంది.

పదిహేడు రోజుల్లో పదకొండు పూర్తయ్యాయి. దొరగారు కూడా చెవి కత్తిరించుకుని వచ్చి, ఇదేదో బిరుదన్నట్టు అటూ ఇటూ తిరిగారు. ఇక మిగిలింది పన్నెండోది, నల్లది.

ఆ నల్లది బోనెక్కదు. అసలు నాకు కనపడనే కనపడదు. మా వీధి మొగలో చేపల బండి ఉంది, దాని తిండి అక్కడే, నా చేప తలలకి రాదు. పొద్దున్నే గోడ మీదుగా అటు పోతూ ప్రెస్సువైపునుంచి మా ఆయనకీ బైండరుకీ కనిపిస్తుంది, అంతే. తిరిగొచ్చేటప్పుడు గోడెక్కదు. కార్ల కిందనుంచి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నాకు అనుమానమొచ్చి, నిజంగా పన్నెండేనా అని అడిగాను. ఆయన "ముప్పై ఒక్క ఏళ్ళ..." అని మొదలుపెట్టారు. నేను కుక్కరు పెట్టాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఏం వాదిస్తాం? పైగా నల్లపిల్లిని రోజూ చూస్తున్నానని బైండరు కూడా ఒట్టేసి చెప్పాడు.

గడువు ఆదివారం పదింటికి. శనివారం గోనెసంచుల మనిషి ముందుగా వచ్చి చూసుకుని వెళ్ళాడు. దొరగారిని కంటితోనే తూచి, ఇదొక్కదానికే ఒక సంచి కావాలన్నాడు. నేను పైకొచ్చి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, ఏడుపాగక వంటింట్లోకి పోయి కుక్కరు పెట్టాను, మోతలో వినపడదని. మూడో విజిల్‌కి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు కదే," అన్నారు.

ఆయన స్టవ్వు ఆపి చాలాసేపు కుక్కరు వంకే చూశారు. తర్వాత మెల్లిగా, "తాడు నేను పట్టుకుంటాను," అన్నారు.

బోనెక్కని పిల్లికి ఇంకో ఉపాయం ఉందని బోనుల అమ్మాయి ముందే చెప్పింది. పెద్ద ప్లాస్టిక్ బుట్ట బోర్లించి, ఒకవైపు పుల్లతో ఎత్తి, పుల్లకి తాడు కట్టాలి. కింద చేప ముక్క. పిల్లి లోపలికి రాగానే తాడు లాగాలి. కానీ లాగే మనిషి ఆ పిల్లికి అలవాటైన మనిషయి ఉండాలి, కొత్తవాళ్ళుంటే రాదు. ఆ నల్లదాని కోసం రోజూ పొద్దున్నే ప్రెస్సు కిటికీలో కదలకుండా కూర్చుని జాబితా చూసుకునే మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు.

ఆదివారం పొద్దున్న ఆయన ప్రెస్సు షెడ్డులో చిత్తుకాగితాల బేళ్ళ పక్కన కూర్చున్నారు, వేలికి తాడు చుట్టుకుని. నేనూ బైండరూ తలుపు వెనక. సరిగ్గా ఆరుంపావుకి గోడ మీద నల్లటి ఒళ్ళొకటి కదిలింది. ఆగింది. వాసన చూసింది. మా ఆయన తాడు వేలికి ఇంకో చుట్టు చుట్టుకున్నారు. పిల్లి గోడ దిగి, బేళ్ళ చాటునుంచి బుట్ట కిందికి వెళ్ళింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మా ఆయన కళ్ళు మూసుకుని పిల్లిని పట్టారు. తాడు లాగి, దుప్పటి విసిరి, బుట్ట ఎగిరిపోతుందేమోనని దాని మీద కూర్చుండిపోయారు. కళ్ళు మాత్రం తెరవలేదు.

"పడిందా?" అన్నారు.

పడిందన్నాను. కింద పిల్లి ఉందని అప్పుడు గుర్తొచ్చి ఆయన లేచిన లేవడం, నేనూ బైండరూ నవ్వాపుకోలేక బేళ్ళు పట్టుకోవడం, ఆ సంబరం చెప్తే తీరేది కాదు. నేనూ బైండరూ దుప్పటితో సహా పిల్లిని బోనులోకి మార్చాం, చీకట్లో కుదురుగా ఉంటుందని దుప్పటి మళ్ళీ తియ్యలేదు. బోను ఎవరినీ పట్టుకోనివ్వలేదు మా ఆయన. చెయ్యి బారుగా చాచి, మొహం అవతలికి తిప్పుకుని, తానే మోసుకుంటూ పదింటికి పార్కింగులో మొదలైన మీటింగుకి తీసుకెళ్ళారు.

ముప్పై ఆరు ఫ్లాట్ల జనం ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నారు. ఆయన బోను బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, ఇది పన్నెండోది, మధ్యాహ్నానికి దీనికీ ఆపరేషన్ అయిపోతుందని చెప్పి, ఒకవైపు దుప్పటి ఎత్తారు. నిగనిగలాడే నల్లపిల్లి. అందరూ చప్పట్లు కొట్టారు. సెక్రటరీ గారు కూడా కొట్టారు.

అప్పుడే బోనుల అమ్మాయి హడావిడిగా వచ్చి, బల్లకి అటువైపునుంచి దుప్పటి ఎత్తింది.

"అంకుల్, దీని చెవి ఎప్పుడో కట్ చేశాం కదా," అంది.

అటువైపు కూర్చున్నవాళ్ళు, నల్లపిల్లి ఏది, ఇది తెల్లది కదా అన్నారు. ఇటువాళ్ళు కాదు నల్లదే అన్నారు. జనం లేచి బోను చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ముక్కునుంచి తోకదాకా గీత గీసినట్టు, కుడివైపంతా నలుపు, ఎడమవైపంతా తెలుపు. మా బాల్కనీకి కనపడేది ఎడమవైపు. ప్రెస్సు కిటికీకి కనపడేది కుడివైపు. జాబితాలో నాలుగోది తెల్లది, చెవికి టిక్కు కూడా పడింది. అదే పన్నెండోది. కింద అంతస్తు పెద్దావిడ, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందమ్మా అంది. నవ్వులతో పార్కింగు దద్దరిల్లిపోయింది. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను, మా ఆయన మొహం చూసేదాకా.

సెక్రటరీ గారు నవ్వలేదు. చేతిలో కాగితం తిప్పి చూసి, ఎంతో మర్యాదగానే అన్నారు, "సార్ లెక్క తప్పదని మనందరికీ తెలుసు. పన్నెండని సంతకం కూడా ఉంది. ఇది నాలుగోదైతే, పన్నెండోది ఇంకా బయటే ఉన్నట్టు. మాట మాటే కదా సార్."

గోనెసంచుల మనిషి గేటు దగ్గర నిలబడే ఉన్నాడు. దొరగారు జనరేటరు మీద ఎండ కాగుతున్నారు. నేను నోరు తెరవబోయి ఆగిపోయాను. లెక్క తప్పిందన్న మాట చెప్పాల్సింది నేను కాదు. ఆయన ఔనంటే ఆయన లెక్క నిలబడుతుంది, పిల్లులు పోతాయి. ఈ మనిషి తప్పు ఒప్పుకోగా నలభై ఏళ్ళలో నేను చూడలేదు. పన్ను పీకించుకోమంటే పీకించుకుంటారు.

మా ఆయన కాగితం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివారు. నాలుగో వరుసలో ఆరుంపావు. పన్నెండో వరుసలోనూ ఆరుంపావు. రెండూ తన దస్తూరీయే.

"పన్నెండోది లేదండీ. నేనే తప్పు లెక్కపెట్టాను," అన్నారు.

కాగితం తిరిగి సెక్రటరీ గారి చేతిలో పెట్టారు.

"ఒకదాన్నే రెండుసార్లు రాశాను. ఉన్నవి పదకొండే, పదకొండూ పూర్తయ్యాయి." కాస్త ఆగి, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు, "ముప్పై ఒక్క ఏళ్ళలో ఇంకెంతమందిని ఇలా రాశానో," అన్నారు. అని, ఫక్కున నవ్వారు. అలా మొదలైన నవ్వు ఆయనకి ఆగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ నవ్వు చూసి సెక్రటరీ గారు కూడా నవ్వేశారు. గోనెసంచుల మనిషిని ఆయనే వెళ్ళి పంపించేశారు. బోను తలుపు మాత్రం మా ఆయనే తీశారు, కళ్ళు తెరిచే. నాకు ఆయన మీద పెళ్ళినాడు కూడా అంత ప్రేమ కలగలేదు. ఆ మాట ఆయనకి చెప్తే లెక్క అడుగుతారని చెప్పలేదు.

మర్నాడు ఆరింటికే నన్ను లేపి, ప్రెస్సువైపుకి వెళ్ళి నిలబడమన్నారు. జుట్టయినా ముడేసుకోకుండా వెళ్ళాను. ఆరుంపావుకి పిల్లి గోడెక్కింది.

"నల్లది," అని నేను అరిచాను.

"తెల్లది," అని బాల్కనీలోంచి ఆయన అరిచారు.

పిల్లి మా ఇద్దరి మధ్యా ఆగి, వీళ్ళకి మతి చలించిందనుకుందేమో, తోక ఒకసారి విదిల్చి ముందుకి పోయింది.

"మొత్తం ఎన్ని?" అని ఆయన అడిగారు.

"ఒకటే," అన్నాను.

"సరిగ్గా చూసి చెప్పు, సంతకం పెట్టాలి."

ఇంటికి వెళ్ళేసరికి కొత్త జాబితా బల్ల మీద సిద్ధంగా ఉంది. పదకొండు పిల్లులు. కింద సంతకాలకి రెండు గీతలు గీసి, ఇటువైపునుంచి చూసినవారు అని ఒకదాని దగ్గరా, అటువైపునుంచి చూసినవారు అని ఇంకోదాని దగ్గరా రాశారు. తన గీత మీద తాను సంతకం పెట్టి, కలం నా చేతికిచ్చారు.