సూది పడేదాకా పేరు లేదు

డ్రైవింగు మాస్టారి చెప్పుల్లో కుడికాలిదే ముందు అరిగిపోతుంది. ఎడమకాలిది కొన్ననాటిలాగే నిగనిగలాడుతుంటుంది. కారు నేర్పే మనిషి కదా, కారణం కారులోనే ఉంది. నేర్పే కారులో పక్కసీటు ముందు రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే మాస్టారు తొక్కడానికి. మన మాస్టారు వాళ్ళు కంగారుపడేదాకా ఆగడు. దానికి తోడు నోరు కూడా పెద్దదే. ఆయన అరిస్తే ఎదురుగా వచ్చే కార్లు కూడా ఆగుతాయని వీధిలో చెప్పుకుంటారు.

అంత నోరూ వియ్యపురాలి ముందు మాత్రం మూతపడిపోయేది. కూతురి అత్తగారు రెండు వీధుల అవతలే ఉంటుంది. అరవై దాటాక కారు నేర్చుకుంటానని పట్టుబట్టింది. పిల్లనిచ్చిన ఇంటి మనిషి. ఆవిణ్ణి ఒక్క మాటన్నా, ఆ మాట చుట్టూ తిరిగి చివరికి కూతురి కంచంలో పడుతుందని మాస్టారి భయం. అందుకని ఆవిడ పక్కన నవ్వు ముఖం పెట్టుకుని, "బాగుంది చెల్లెమ్మగారూ, బాగుంది" అంటూ కింద కాలితో బ్రేకు తొక్కుతూ కూర్చునేవాడు. ఆవిడ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఎందుకు తప్పుతోందో ఆవిడకీ తెలియదు, ఈయన చెప్పడు.

ఇక పిల్లి సంగతి. కారు పెట్టే షెడ్డులో ఓ పిల్లి మూడు పిల్లల్ని పెట్టి ఎటో వెళ్ళిపోయింది. మాస్టారి మనవరాలు, ఇక్కడే ఉండి చదువుకునే కూతురి కూతురు, రెండింటికి పేర్లు పెట్టి ఒళ్ళో ఆడించింది. మూడోది పిరికిది. టైర్ల చాటునుంచి బయటికొచ్చేది కాదు, అందుకని దానికి పేరు పడలేదు. అంతలో వీధిలో పిల్లుల జబ్బేదో మొదలైంది. పేర్లున్న రెండూ వాంతులు చేసుకుని, ఒకదాని వెనక ఒకటి పోయాయి. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోదాన్ని పశువుల డాక్టరమ్మ చూసి, "దీనికి అంటలేదు, అదృష్టం. కానీ జబ్బు వీధిలోనే ఉంది. వయసు నిండగానే సూది వేయించండి. అది పడేదాకా భయమే" అంది.

ఆ మాట పిల్ల పట్టేసుకుంది. "పేరు పెట్టినవే పోయాయి తాతయ్యా. దీనికి సూది పడేదాకా పేరు లేదు. ఎవరూ పెట్టకండి" అని ఇంటిల్లిపాదికీ హుకుం జారీ చేసింది. తెల్లటి ఒళ్ళు, రొమ్ము మీద గుండ్రటి నల్ల మచ్చ ఒకటి ఉన్న ఆ పిల్లికూన అందరికీ 'అది' అయిపోయింది. సాయంత్రాలు మాత్రం పిల్ల బీరువా వెనక దూరి దానితో ఏదో గొణుక్కుంటూ ఉండేది. పాఠాలు అప్పజెబుతోంది కాబోలు అనుకునేవాళ్ళు పెద్దవాళ్ళు.

సూది వేసే రోజు వచ్చింది. పిల్ల బడికెళుతూ గుమ్మంలో ఆగి, "తాతయ్యా, ఇవాళ వేయించకపోతే నీతో కటీఫ్" అంది. అది బెదిరింపే కానీ, వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూనే వెళ్ళింది.

ఆయన భార్య బట్టల బుట్టలో తువ్వాలు పరిచి, పిల్లిని పెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి, నాడాతో గట్టిగా కట్టింది. "నేను రాను. సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి" అని ముందే చేతులెత్తేసింది. సరే, ఒక్కడినే వెళతానని మాస్టారు బుట్ట కారెక్కిస్తుంటే, గేటు దగ్గర వియ్యపురాలు ప్రత్యక్షమైంది. భుజాన సంచీ, కాళ్ళకి బూట్లు. ఆ వేళకి ఆవిడ పాఠం ఉందన్న సంగతి ఆయన శుభ్రంగా మరచిపోయాడు!

"ఎల్లుండే కదా పరీక్ష, ఇవాళ బాగా తిప్పండి అన్నయ్యగారూ" అంది ఆవిడ.

మధ్యాహ్నం దాటితే డాక్టరమ్మ ఉండదు. వియ్యపురాలిని రేపు రమ్మనడానికి నోరు రాదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి, "ఇవాళ పాఠం ఆసుపత్రి దాకా చెల్లెమ్మగారూ" అని ఆవిణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు.

సగం దూరం బాగానే సాగింది. అంటే, ఆవిడ నడిపింది, ఆయన ఆపాడు. వెనకసీట్లో పిల్లి అరుపు ఆగిపోయింది. నిద్రపోయిందనుకున్నాడు. బుట్టకి చెయ్యి పట్టే సందు ఒకటి ఉంటుందనీ, ఆ సందులో పిల్లి పడుతుందనీ ఆయనకీ తట్టలేదు, నాడా కట్టిన ఇల్లాలికీ తట్టలేదు.

మలుపు తిరిగితే దిగుడు రోడ్డు. సామాన్ల కొట్టు ముందు ఇద్దరు మనుషులు నిలువుటద్దం ఉన్న బీరువా మోసుకుంటూ రోడ్డు దాటుతున్నారు. ఆ అద్దంలో వీళ్ళ కారే వీళ్ళకి ఎదురొస్తోంది. మాస్టారి కాలు అలవాటు కొద్దీ లేచి బ్రేకు మీదికి వెళ్ళింది. చీలమండకి మెత్తగా ఏదో తగిలింది. కిందికి చూస్తే బ్రేకు పెడలు కింద, ఆ చీకట్లో, తెల్లటి ఒళ్ళూ నల్ల మచ్చా.

తొక్కితే అది నలిగిపోతుంది. తొక్కకపోతే బీరువా, దాని వెనక మనుషులు. ఆవిడ పెడలు తొక్కితే మాత్రం ఈ పెడలు కదలదు. ఆవిడే తొక్కాలి. మాస్టారు రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కున్నాడు. ఇన్నాళ్ళూ మూతపడిన నోరు ఒక్కసారిగా తెరుచుకుంది.

"బ్రేకు తొక్కవే!"

ఆవిడ తొక్కింది. కారు కీచుమని ఆగింది. బీరువా చేతికందేంత దూరంలో ఉంది. దాని అద్దంలో ఇద్దరు ముసలివాళ్ళు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. పిల్లి పెడలు కిందినుంచి తీరిగ్గా బయటికొచ్చి, మాస్టారి పంట్లాము పట్టుకుని పైకి పాకి, ఒళ్ళో ముడుచుకుంది.

బతికాం అనుకోవాల్సిన మనిషి చచ్చాను అనుకున్నాడు. వియ్యపురాలిని పట్టుకుని 'తొక్కవే' అన్నాడు! మిగతా దారంతా పిల్లిని పొదివి పట్టుకుని, కాళ్ళు మడిచి, బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఆవిడే ఆపాల్సిన చోట ఆపింది, వెళ్ళాల్సిన చోట వెళ్ళింది. ఆ సంగతి గమనించే స్థితిలో ఆయన లేడు.

డాక్టరమ్మ పిల్లిని బల్ల మీద నిలబెట్టి వేడి చూసింది. కనుబొమలు ముడిచింది.

"కాస్త ఎక్కువుంది. దారిలో బెదిరిందా?"

"బెదిరింది. మేమూ బెదిరాం" అన్నాడు మాస్టారు.

"బెదురైతే కాసేపట్లో తగ్గుతుంది. జ్వరమైతే మాత్రం ఇవాళ సూది వెయ్యను. బయట కూర్చోండి, మళ్ళీ చూస్తాను."

ముందు పోయిన రెండింటికీ జబ్బు జ్వరంతోనే మొదలైంది. బెంచీ మీద కూర్చుని పిల్లి చెవులు తాకి చూశాడు. వేడిగా ఉన్నాయో, తన చేతులే చల్లగా ఉన్నాయో తెలియలేదు. బడి నుంచి వచ్చే పిల్లకి ఏం చెప్పాలి? ఆ ఆలోచన మోయలేక పక్కనున్న బరువు ముందు దించుకుందామనుకున్నాడు.

"ఇందాక నోరు జారింది చెల్లెమ్మగారూ. మనసులో పెట్టుకోకండి."

ఆవిడ ఆయన వంక వింతగా చూసింది.

"ఎందుకు పెట్టుకోను? మా అన్నయ్యలు నన్ను అలాగే పిలిచేవాళ్ళు. వాళ్ళు పోయాక నన్ను 'వే' అనే మనిషే లేడు. అందరూ గారు, గారు. చెవులు చిల్లులు పడ్డాయి" అని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంకోటి చెప్పనా? ఇన్నాళ్ళూ నేను కాలెత్తేలోపే కారు ఆగిపోయేది. కారు మంచిదనుకునేదాన్ని. పరీక్షలో ఆఫీసరు పక్కన కూర్చుంటే అదే కారు ఎందుకు ఆగదో అర్థమయ్యేది కాదు. అంతా మీ కాలి పనా!"

మాస్టారికి సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆవిణ్ణి గౌరవించానని అనుకున్నాడు ఇన్నాళ్ళూ. నేర్పకుండా గౌరవించాడన్నమాట. ఆవిడ చెయ్యి చాపి పిల్లి తల నిమిరింది. "దీనికేం కాదు, ఊరుకోండి" అంది. ఆయనకి చెప్పిందో, పిల్లికి చెప్పిందో.

డాక్టరమ్మ పిలిచింది. మళ్ళీ వేడి చూసింది. ముడిచిన కనుబొమలు విడిపోయాయి.

"బెదురే. తగ్గిపోయింది."

మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచి, "వెయ్యండి డాక్టరుగారూ, నేను పట్టుకుంటాను" అన్నాడు.

"వేశాను. మీరు కళ్ళు మూసుకున్నప్పుడే అయిపోయింది."

పిల్లి బల్ల మీద కూర్చుని పంజా నాక్కుంటోంది. మాస్టారి గుండెల మీంచి బండరాయి దిగింది. వియ్యపురాలు లేకపోతే అక్కడే ఏడ్చేసేవాడు. ఉన్నా కొంచెం ఏడ్చాడు.

"పేరేం రాయను?" అంది డాక్టరమ్మ కార్డు తీసి.

"ఇంకా లేదండీ. ఖాళీగా ఉంచండి" అన్నారిద్దరూ.

సాయంత్రం పిల్ల బడి సంచీతోనే గుమ్మంలో ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. తాతయ్య ముఖమూ నానమ్మ ముఖమూ మార్చి మార్చి చూసింది.

"పడిందా?"

"పడింది" అన్నాడు మాస్టారు. "రెండోది వచ్చే నెల. దానికి మీ నానమ్మ సొంత లైసెన్సుతో తీసుకెళుతుందట."

"నిజంగా పడిందా? ఇంక పోదా?"

"నిజంగా పడిందే తల్లీ" అంది నానమ్మ. "అది కిక్కురుమనలేదు. అరిచిందంతా మీ తాతయ్యే."

పిల్ల సంచీ కింద పడేసి, అక్కడే నేల మీద చతికిలబడింది. ఏ పేరు పెడుతుందో, ఎన్నాళ్ళు ఆలోచిస్తుందో అని పెద్దవాళ్ళు చూస్తున్నారు. ఆమె ఆలోచించనే లేదు. రెండు చేతులూ చాపి, గొంతెత్తి పిలిచింది.

"గుండీ!"

బీరువా వెనక నిద్రపోతున్న పిల్లి ఆ మాట వినడమే తడవు తోక పైకెత్తి, పరుగున వచ్చి ఆమె ఒళ్ళో దూకింది. ఎన్నాళ్ళుగానో ఆ పేరుకే పలుకుతున్నట్టు.