జీడిపప్పు షెడ్డు వెనుక తలుపు

నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్ళే దారిలో జగదీశ్వరరావు గారి జీడిపప్పు షెడ్డు ఉంది. అందులో డ్రయ్యర్ గదిలో వేడికి ఆరిన పప్పుకు నలభై ఒక్కమంది ఆడవాళ్ళు పొట్టు తీస్తారు. చీరచెంగుల్లో పప్పు బయటికి పోతుందన్న అనుమానంతో ఆయన వెనుక తలుపుకు ఎప్పుడూ తాళం వేసి ఉంచేవారు. మనుషులను దొంగలుగా ఎంచి బంధించడం ఆయనకు జాగ్రత్తగా తోచింది గాని అన్యాయంగా తోచలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ తలుపు పక్కనే కూర్చుంటున్న సింహాద్రమ్మకు అది గోడలో భాగమే అనిపించేది.

ఒకనాడు విశాఖపట్నం నుంచి ఝాన్సీలక్ష్మి వచ్చింది. దేనికి బీమా ఇవ్వవచ్చో, ఏ షరతు మీద ఇవ్వాలో తేల్చే బీమా కంపెనీ అండర్‌రైటింగ్ విభాగంలో ఆమె సీనియర్ ఎగ్జిక్యూటివ్. ఆమె సంతకం లేనిదే షెడ్డుకు బీమా రాదు, బీమా లేనిదే బ్యాంకు అప్పు రాదు. అప్పు రాకపోతే గింజలు రావు, పని ఆగుతుంది.

ఆమె తాళాన్ని చేత్తో పట్టుకొని చూసింది.

"డ్రయ్యర్ గదిలో మంటలు లేస్తే మీరెటు పోతారమ్మా?" అని సింహాద్రమ్మను అడిగింది.

"ఎటెల్తాం మేడమ్, దేవుడి కాడికి!"

అందరూ నవ్వారు. ఝాన్సీలక్ష్మి నవ్వలేదు.

"పని జరిగినంతసేపూ ఈ తలుపుకు తాళం ఉండకూడదు. ఉంటే సంతకం పెట్టను."

"పప్పు పోద్దండీ! ఆ నష్టానికీ మీరే బీమా ఇస్తారేటి?" అన్నారు జగదీశ్వరరావు గారు.

"ఇవ్వను. మీ అనుమానానికీ ఇవ్వను."

సింహాద్రమ్మకు ఒళ్ళు మండింది. "ఈవిడొకర్తె! తలుపు కోసరం మా నోటికాడి కూడు తీసేత్తాది," అని పక్కనున్న అచ్చియమ్మతో పైకే అంది.

గింజలు లేక మూడు రోజులు పని ఆగింది. నాలుగోనాడు ఆయన తాళం తీయించి, గొళ్ళెం కూడా కోయించి, ఫొటో పంపి సంతకం తెచ్చుకున్నారు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం డ్రయ్యర్ గది అంటుకుంది. ముందు దారి పొగతో మూసుకుపోయింది. సింహాద్రమ్మ వెనుక తలుపును భుజంతో తోసింది. తెరుచుకుంది. జీడితోటలో నిలబడి అచ్చియమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై ఒక్కమంది.

బీమా సొమ్ముతో కట్టిన కొత్త షెడ్డును చూడడానికి ఝాన్సీలక్ష్మి మళ్ళీ వచ్చింది. ముందుగా వెనుక తలుపు దగ్గరికే వెళ్ళి తోసి చూసింది.

సింహాద్రమ్మ చేతులు జోడించింది. "ఆ దినం మిమ్మల్ని తిట్టీసేను మేడమ్."

"విన్నాను. గట్టిగానే తిట్టారు."

"మీ వల్లే బతికున్నాం. ఏటిచ్చుకోగలం మేం?"

"ఇక్కడ బస్తాలు అడ్డం పెట్టనివ్వకండి. పెడితే నాకు ఫోన్ చెయ్యండి," అని ఝాన్సీలక్ష్మి తలుపు పక్క గోడ మీద బొగ్గుతో తన నంబరు రాసింది.

ఏడాది దాటినా ఫోన్ చేసే అవసరం రాలేదు. గోడలకు సున్నం వేయడానికి వచ్చిన లచ్చన్నను మాత్రం సింహాద్రమ్మ ఆ పది అంకెల దగ్గర ఆపేసింది.

"అది ఒగ్గేసి గోడంతా ఏసుకో, బాబూ."