జానెడు పైపు

రిటైరైన మగవాళ్లు ఏం చేస్తారు? కొందరు పార్కులో చేతులూపుకుంటూ నడుస్తారు, కొందరు కోడళ్ల వంటకు వంకలు పెడతారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగిపోయిన ఉమామహేశ్వర్‌కు మాత్రం పాత చైన్ ట్రాక్టర్ల పిచ్చి. టైర్ల బదులు ఇనుప పట్టాల మీద పాకే ఆ ముసలి బండ్లను తుక్కు కొట్లలో వెతికి తెచ్చి, నాచారంలో మూతబడ్డ ఒక ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో పెట్టుకుంటాడు. విప్పి, కడిగి, పుట్టినప్పటి రూపానికి తెస్తాడు. అమ్మడు, దున్నడు, ఉత్తినే చూసుకుని మురుస్తాడు. "నా మోకాళ్లకు ఎన్నడన్న గంత నూనె రాసినవా?" అని భార్య సూర్యకళ ఎత్తిపొడుస్తుంది.

ఈ ఏడు తెచ్చింది మూడో బండి. తుప్పు గీకుతూ క్లచ్ లివరు దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. లివరు కొసన జానెడు పైపు అతికించి ఉంది. అతుకు చుట్టూ వెల్డింగు పూసలు అన్నీ కొంచెం ఎడమకు వాలి ఉన్నాయి. రాసిన చెయ్యి తన రాతను గుర్తుపట్టదా? అది అతని అతుకే, నలభై ఏళ్ల కిందటిది. "ఓరి దేవుడా" అంటూ అక్కడే పట్టా మీద కూలబడ్డాడు.

రైల్వేలో చేరకముందు అతనొక కంట్రాక్టరు దగ్గర వెల్డరు. ఈ బండి నడిపే పరంధామయ్య పొట్టివాడు, లివరు అందేది కాదు. "తమ్మీ, జర పొడుగు జెయ్యరాదు" అని అడిగితే, ఇరవై నాలుగేళ్ల ఉమామహేశ్వర్ పావుగంటలో పైపు అతికించి, "ఇగ కూసునే నడుపన్నా" అన్నాడు. నెల తిరక్కముందే, ఉప్పల్ దాటాక ప్లాట్లు చదును చేస్తుంటే, పట్టాలో చిక్కిన ముళ్లతీగ తీయడానికి పరంధామయ్య కిందికి దిగాడు. ఇంజను ఆపలేదు, గేరు తీయలేదు. అప్పట్లో అందరూ అట్లాగే దిగేవారు. లివరు ముందుకు తోస్తే బండి నిలుస్తుంది, వెనక్కి పడితే కదులుతుంది. బండి కదిలింది. మనిషి పట్టా కింద పోయాడు.

"కల్లు తాగిండు, లివరు సక్కగ తొయ్యలే" అన్నారు అందరూ. విచారణకు వచ్చినవాళ్లు అడిగితే ఉమామహేశ్వర్ కూడా తలూపాడు. ఆ పొద్దున పరంధామయ్యతో కలిసి చాయ్ తాగింది తనే. కల్లు వాసన లేదని తెలుసు, అయినా నోరు పెగల్లేదు. తన పైపు బరువుకే లివరు దానంతటది పడిందేమో! ఆ అనుమానాన్ని నలభై ఏళ్లు మింగుతూనే బతికాడు. పరంధామయ్య భార్య మల్లవ్వ ఉప్పల్ డిపో వెనక వీధిలో ఉంటుందని తెలుసు. ఆ వీధి తొక్కకుండా చుట్టు తిరిగి పోయేవాడు.

ఇప్పుడు బండే దొరికింది. పొద్దున షెడ్డు తలుపు తీయగానే ఎవరో అప్పుడే సీటు దిగి పోయినట్టుండేది. సీటంతా దుమ్ము, చిన్న మనిషి కూర్చున్నంత మేర మాత్రం నున్నగా ఉండేది. పిల్లి పడుకుంటోందనుకున్నాడు. ఆ షెడ్డులో ఏనాడూ పిల్లిని చూసింది లేదు.

నెలకు ఇంజను లేచింది. మిట్టమధ్యాహ్నం. గేరు తీసేసి, లివరు ముందుకు తోసి, దిగి ఎదురుగా నిలబడ్డాడు. బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. పైపు కొస ఊగింది. ఊగి ఊగి, ఎవరూ ముట్టకుండానే వెనక్కి వాలి, టక్కుమంది.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ తోశాడు, మళ్లీ టక్. ఆ రోజు నుంచి ఇంట్లో బీరువా తలుపు పడ్డా అదే చప్పుడు, సూర్యకళ గిన్నె దించినా అదే. అన్నం సయించలేదు.

కోసేస్తే? పుట్టినప్పటి రూపానికి తేవడమే కదా తన పని! ఒక్క నిమిషంలో పైపు ఊడి తుక్కులో కలుస్తుంది, అడిగే నాథుడు లేడు. గ్రైండరు ఆన్ చేశాడు కూడా. అతుకును ముట్టబోతుండగా సీటు మీది నున్నటి చోటు కంటపడింది. "తప్పైందన్నా" అని గ్రైండరు కింద పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు ఆ వీధి తొక్కాడు. మల్లవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అతను చెప్పిందంతా విన్నది. ఒలవడం ఆపలేదు.

"తాగలే తాగలే అని నేను మొత్తుకుంటే ఎవ్వలు నమ్మలే తమ్మీ. ఏటా పెత్రమాసకు పెద్దలకు పెట్టేటప్పుడు మా బావ వస్తడు. తాగుబోతుకు తాగుడే పెట్టాలె అని ఆయన ఫోటో ముంగట కల్లు సీస పెడ్తడు. నలభై ఏండ్లసంది సూస్తున్న."

"తప్పు నాది వదినె."

"నాకు జెప్తే ఏమొస్తది? మా బావకు జెప్పు. నువ్వు గాదు, ఆ లివరును జెప్పమను."

ఆదివారం పొద్దున బావను వెంటబెట్టుకొని షెడ్డుకు వచ్చింది. ఆయన పరంధామయ్యకు అన్న, ఎనభై దాటినా మీసం మీద చెయ్యి తీయడు. ఉమామహేశ్వర్ ఇంజను లేపి, లివరు తోసి, పది అడుగులు వెనక్కి జరిగాడు. అయిదు నిమిషాలయింది. పది అయింది. లివరు కదల్లేదు.

"ఏంది, గిది సూడనీకి పిలిసిన్రా?" బావ కుర్చీలోంచి లేచాడు. "ఇనుముకు పానముంటదా, దానంతటది పడనీకి? తాగినోడు తాగిండు."

నలభై ఏళ్లు అది పడలేదనే నమ్మాలని చూసిన మనిషి, ఇప్పుడు పడమని మొక్కాడు. పడు, నా పరువు మంటగలవనీ, పడు. పరంధామన్నా, నువ్వన్నా జర గుంజు.

టక్.

ముసలాయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. లివరు వంక చూశాడు, దూరంగా ఉన్న ఉమామహేశ్వర్ ఉత్త చేతుల వంక చూశాడు. మీసం మీది చెయ్యి జారింది. "మల్లవ్వా, నేను..." అన్నాడు.

మల్లవ్వ ఆయన వైపు చూడలేదు. బండి దగ్గరికి పోయి అతుకును బొటనవేలితో తడిమింది.

"కోసేస్త వదినె."

"కొయ్యకు, ఉండనియ్యి." కొంగుతో వేలికంటిన మసి తుడుచుకుంది. "బావా, ఇగ పెత్రమాసకు సీస తేకు. ఈయేడు చాయ్ పెడ్త." ఉమామహేశ్వర్ వైపు తిరిగింది. "ఆనాడు పొద్దుగాల ఆయనతోని తాగింది నువ్వే గద. ఆ చాయ్ నువ్వే పట్టుకరావాలె. ఏటా."

ఈసారి అతను తలూపి ఊరుకోలేదు. "తెస్త వదినె" అని నోరు తెరిచి అన్నాడు.